శాలిబండ ఊరేగింపు మేళాలు

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణాన ఉన్న శాలిబండ, హరిబౌలి, లాల్‌దర్వాజా వీధుల్లో బరాత్‌లకూ బోనాలకూ మోగే వాద్యబృందాలివి. వీటిలో ముఖ్యమైనవి డప్పు, మర్ఫా, బ్యాండ్ మేళం.

నాట్యశాస్త్రం వాద్యాలను తత (తీగ), సుషిర (ఊదేవి), అవనద్ధ (తోలు), ఘన (లోహపు) అని నాలుగు తెగలు చేసింది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో పెద్దపీట తీగ వాద్యాలదే. వయొలిన్ మొదలు డబుల్ బేస్ దాకా అవే పాటను మోస్తాయి, డ్రమ్ములు వెనక వరుసలో ఉంటాయి. శాలిబండలో ఈ వరుస తిరగబడుతుంది. జనం కేకల నడుమ నడుస్తూ వాయించాలి కాబట్టి తీగకు చోటుండదు, తోలు వాద్యమే ముందుంటుంది.

ఆస్థాన పద్ధతిలో ఈ ఊరేగింపు మేళాలకు పూర్వరూపం నౌబత్. అందులో నక్కారాలు, సుర్నాలు, కర్నాలు, తాళాలు కలిసి మోగేవి. ఐన్-ఇ-అక్బరీ ఒక్క నక్కారాలనే సుమారు 20 జతలుగా లెక్కగట్టింది. చార్ కమాన్‌లోని కాలీ కమాన్ ఒకప్పటి నక్కార్‌ఖానా అంటారు.

బ్యాండ్ మేళం సైనిక బ్యాండ్ల ఒరవడిలో వచ్చింది. క్లారినెట్ గానీ ట్రంపెట్ గానీ పాట ఎత్తుకుంటే మిగతా బాకాలు అందుకుంటాయి.

మర్ఫా పుట్టుక మీద రెండు కథనాలున్నాయి. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వదళంగా ఉన్న సిద్దీలు తెచ్చారని ఒకటి. వారి పేరు ఏ.సీ. గార్డ్స్ పేటకు మిగిలింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు తెచ్చారని రెండోది. హద్రమౌత్ సంగీతంలోనే తూర్పు ఆఫ్రికా లయలు కలిసి ఉన్నాయి గనుక ఈ రెంటినీ విడదీయనక్కర్లేదనిపిస్తుంది. మర్ఫాలో సుషిరం దాదాపు లేదు. దఫ్‌లు, డోలు నడక పట్టి ఉంచితే స్టీలు బిందె మీది దెబ్బ అన్నిటినీ చీల్చుకుని పైకి వినిపిస్తుంది. ఘన వాద్యం ఇక్కడ అలంకారం కాదు, ఆడేవాళ్ల అడుగులకు గురుతు. తీన్‌మార్ అన్న పేరు ఈ దరువుతోనే ఊరంతా పాకింది.

బోనాల్లో మాత్రం డప్పుదే రాజ్యం. ఇది తరతరాలుగా మాదిగ కళాకారుల వాద్యం. చెక్క చట్రానికి తోలు బిగించి, భుజానికి తగిలించుకుని వాయిస్తారు. కుడిచేతి సిర్ర దెబ్బ వేస్తే, ఎడమచేతి సన్నని చిటికెన పుల్ల సందుల్ని నింపుతుంది. వాయించే ముందు మంట సెగ చూపి తోలును బిగిస్తారు. చేత్తో తట్టి విని, చాలకపోతే మళ్లీ కాస్తారు. పోతరాజు అడుగు, శివసత్తుల పూనకం, ఘటం ముందు సాగే నడక వేటికవే. దరువూ వాటిని బట్టే మారుతుంది. హరిబౌలి మహంకాళి గుడి గోల్కొండ మంత్రులైన అక్కన్న మాదన్నల పేరుతో ప్రసిద్ధి. ఆ సోదరుల హత్య 1685లో అని కొందరు, 1686లో అని ఎక్కువమంది రాశారు. రెండోదే సబబుగా తోస్తుంది. ఈ గుడి ఘటం ఏనుగు అంబారీ మీద ఊరేగుతుంది.

ఈమధ్య ఫైబర్ డప్పులు వచ్చాయి. వాటికి సెగ అక్కర్లేదు, ఆషాఢపు వానకు మెత్తబడవు. తోలు డప్పులోని మంద్రనాదం మాత్రం వాటిలో పలకదు.