అర పాయింటు

చరిత్రకి గెలిచినవాళ్లంటే ఇష్టం. ఓడినవాళ్లకీ ఒక వాక్యం కేటాయిస్తుంది. డ్రా అయిన ఆటకి మాత్రం చెరో అర పాయింటు వేసి ముందుకి పోతుంది. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసిన నాకు ఆ అర పాయింటు దగ్గరే ఆగాలనిపిస్తుంది.

2025 జులై 26. జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్, మొదటి ఆట. తెల్లపావులతో 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్, నల్లపావులతో 38 ఏళ్ల మన కోనేరు హంపి. ఓపెనింగ్ క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్. ఇందులో తెలుపు ఒక బంటుని ఎరగా పెడుతుంది, నలుపు తీసుకుంటుంది. తీసుకున్నదాన్ని దాచుకోవాలని పాకులాడితే చిక్కుల్లో పడుతుంది. దాన్ని వదులుకుని, ఆలోగా తన బలగాన్ని బయటికి తెచ్చుకుని, నడిమి గడుల మీద తెలుపు పట్టుని పక్కనుంచి సడలించాలి. ఆ రోజు మొదట్లో దివ్యదే పైచేయి. హంపి నిలదొక్కుకుంది. డ్రా.

మన చదరంగంలో రాజు పక్కనుండేది మంత్రి. యూరప్‌లో ఆ పావు రాణి అయింది. 15వ శతాబ్దం చివర్లో అన్నిటికన్నా బలమైన పావూ అయింది. ఈ ఓపెనింగ్ కూడా ఆ కాలపు రాతల్లోనే కనిపిస్తుంది. అయితే బల్ల మీద రాణికి దక్కిన స్వేచ్ఛ, బల్ల ముందు స్త్రీకి దక్కిందా? మహిళల తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది 1927లో. ఒక స్త్రీకి, జార్జియాకి చెందిన నోనా గాప్రిందష్విలికి, మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదు వచ్చింది 1978లో.

హంపి 2002లో, 15 ఏళ్లకే ఆ బిరుదు పొందింది. 2017లో తల్లయింది. కొంతకాలం ఆటకి దూరమై, తిరిగొచ్చి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. "పిల్ల పుట్టాక ఇంకేం ఆడుతుందిలే" అనే మాట తండ్రయిన ఏ ఆటగాడి గురించీ నేను వినలేదు.

నా థీసిస్ మధ్యలో పాప పుట్టింది. రెండేళ్లు ఒక్క పేజీ రాయలేదు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో "ఈ ఖాళీ ఏమిటి?" అని అడిగారు. జవాబు చెప్పలేక తల దించుకున్నాను. ఇప్పుడైతే చెబుతాను: అది ఖాళీ కాదు, ఓడిపోకుండా నిలబడ్డ కాలం.

రెండో ఆటా డ్రా అయింది. 28న టైబ్రేక్‌లో దివ్య గెలిచి కప్పుతో పాటు గ్రాండ్‌మాస్టర్ బిరుదూ అందుకుంది. పెద్దామె దారి వేసింది, చిన్నామె నడిచింది అనే సులువైన కథ నాకు సరిపోదు. వాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరికొకరు ఏదీ ఊరికే ఇవ్వలేదు. ఆ అర పాయింటు కూడా.