విశాఖ తీరంలో మునిగిన జలాంతర్గాములు

విశాఖపట్నానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగున రెండు యుద్ధాల నాటి రెండు జలాంతర్గాములు పడి ఉన్నాయి. ఒకటి జపాన్ నౌక ఆర్వో-110, రెండోది పాకిస్తాన్ నౌక పీఎన్ఎస్ ఘాజీ. తెలుగువారికి బాగా తెలిసింది ఘాజీయే. జపాన్ నౌక సంగతి విశాఖలోనే చాలామందికి తెలియదు.

ఆర్వో-110 1944 ఫిబ్రవరి 11న కొలంబో నుంచి కలకత్తా వెళ్తున్న వాణిజ్య నౌకల కాన్వాయ్‌పై దాడి చేసి, ఆస్ఫాలియన్ అనే బ్రిటిష్ నౌకను టార్పెడోతో కొట్టింది. ఆ నౌక మునగలేదు. కాపలాగా వస్తున్న రాయల్ ఇండియన్ నేవీ నౌక జమునా, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి నీటి లోతులో పేలే డెప్త్ చార్జీలతో ఆర్వో-110నే ముంచేశాయి. అందులోని వారెవరూ బతకలేదు.

ఘాజీ అసలు పేరు డయాబ్లో. 1944లో అమెరికాలో నీటిలోకి దిగిన ఈ నౌకను పాకిస్తాన్ 1964లో అద్దెకు తీసుకుంది. 1965 భారత్-పాక్ యుద్ధం నాటికి రెండు దేశాల నౌకాదళాల్లోనూ ఉన్న ఏకైక జలాంతర్గామి ఇదే. 1971 నవంబరులో, మరో యుద్ధం ముంచుకొస్తుండగా, భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు కరాచీ నుంచి బయలుదేరింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు చేరింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ మాత్రం అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించే పనిలో పడ్డారు. డిస్ట్రాయర్ రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ పంపినట్టుగా వైర్‌లెస్ సందేశాలు వెళ్లాయి. జబ్బుపడ్డ తల్లి ఆరోగ్యం గురించి నావికుడు ఆరా తీస్తున్నట్టు ఒక టెలిగ్రామ్ కూడా పంపించారు. పెద్ద నౌకాదళానికి సరిపడా మాంసం, కూరగాయలు కావాలని ఊళ్లోని కాంట్రాక్టర్లకు ఆర్డర్లు పెట్టారు. గూఢచారులు సంతలో ఏం వింటారో కృష్ణన్‌కు బాగా తెలుసన్నమాట.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక హార్బరు బయట పెద్ద పేలుడు జరిగింది. మత్స్యకారులకు శకలాలు దొరికాయి. డైవర్లు దిగి ఘాజీని గుర్తించారు. సుమారు 90 మంది సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. డిసెంబరు 9న భారత్ ఈ సంగతి ప్రకటించింది.

ఎలా మునిగిందన్నదే తేలని వాదన. రేవు దాటుతూ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లేనని భారత నౌకాదళం అంటుంది. ఘాజీ పరచడానికి తెచ్చిన మందుపాతరలే పేలాయని పాకిస్తాన్ వాదన. నౌక ముందు భాగం, అంటే ఆయుధాలు ఉండే చోటే, ఎక్కువగా దెబ్బతినడం లోపలి పేలుడు వాదనను తోసిపుచ్చనివ్వదు. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో భారత జలాంతర్గామి చేసే పోరాటం ఈ రెండు కథనాల్లోనూ లేదు. దాన్ని చరిత్రగా తీసుకోరాదు.

లోతులో చిక్కుకున్న జలాంతర్గాముల నుంచి సిబ్బందిని రక్షించే తన ప్రత్యేక వాహనంతో భారత నౌకాదళం ఘాజీ శిథిలాలను గుర్తించినట్టు 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. మృతుల పట్ల గౌరవంతో నౌకాదళం వాటిని కదపకుండా వదిలేసింది.