ఘనీభవించిన రొయ్యల ఎగుమతి

రొయ్యలను గడ్డకట్టించి, శీతల కంటైనర్లలో ఓడలపై విదేశాలకు పంపడాన్ని ఘనీభవించిన రొయ్యల ఎగుమతి అంటారు. మందస, ఉద్దానం తీరప్రాంతానికి దగ్గరి కంటైనరు రేవు సుమారు 200 కి.మీ. దూరాన ఉన్న విశాఖపట్నం. 2009లో వనామీ రకం సాగుకు కేంద్రప్రభుత్వం అనుమతించిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యాపారం బాగా విస్తరించింది.

కంటైనరే సరుకును గడ్డకట్టిస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రొయ్యలను కర్మాగారంలోనే గడ్డకట్టించి ఎక్కించాలి. కంటైనరు ఆ చల్లదనాన్ని (-18° సెల్సియస్ లేదా అంతకు తక్కువ) నిలుపుతుంది, అంతే. దారిలో విద్యుత్తు ఆగి రొయ్య కరిగితే, మళ్ళీ గడ్డకట్టించినా దాని గట్టిదనం తిరిగి రాదు.

కర్మాగారం సరుకును నెలలపాటు నిల్వ ఉంచగలదు. చెరువుగట్టున రైతు ఉంచలేడు; పట్టిన వెంటనే ఐసులో వేసి అమ్ముకోవాలి. అందువలన 2025 ఆగస్టులో ప్రధాన కొనుగోలుదారైన అమెరికా అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినపుడు, ధర పతనం నేరుగా రైతుపైనే పడింది.