జీవాంజి దీప్తి

జీవాంజి దీప్తి (జననం 2003) వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన పారా అథ్లెట్. మేధో వైకల్యం ఉన్నవారికి కేటాయించిన టీ20 విభాగంలో మహిళల 400 మీటర్లు పరుగెత్తుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, మేధో వైకల్యం ఉన్నవారిలో పారాలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయురాలైంది.

తల్లిదండ్రులు యాదగిరి, ధనలక్ష్మి కూలి పనులు చేసుకొని ఇల్లు నడిపారు. చిన్నతనంలో దీప్తిని ఊళ్లో ఎన్నో మాటలన్నారు. ఆమెలోని వేగాన్ని మొదట గుర్తించింది కల్లెడ ఆర్డీఎఫ్ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత ఖమ్మంలో జరిగిన రాష్ట్రస్థాయి పోటీల్లో కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగు చూసి హైదరాబాద్‌కు రప్పించారు. సాధారణ విభాగంలో పోటీపడుతున్న అమ్మాయి పారా క్రీడల్లోకి వచ్చింది ఆ తర్వాతే. సికింద్రాబాద్‌లో జరిపిన పరీక్షలు ఆమె అర్హతను తేల్చాయి.

ఆమె పోటీపడే టీ20 విభాగం గురించి కొంత చెప్పాలి. టీ20లో పోటీపడాలంటే ఐక్యూ 75కు మించకూడదు. రోజువారీ పనుల్లోనూ ఇబ్బంది ఉన్నట్లు నిర్ధారణ కావాలి. చూపుకు ఏ లోపమూ కనబడదు కనుక వీరి కష్టం ప్రేక్షకులకు సులువుగా అర్థం కాదు. శక్తిని ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ ఖర్చు చేయాలో లెక్కవేసుకోవడం 400 మీటర్లలో కీలకం. మేధో వైకల్యం దెబ్బతీసేది సరిగ్గా ఆ లెక్కనే. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివారిని ఆడించి స్వర్ణం గెలిచింది. మోసం బయటపడ్డాక శిక్ష అందరి మీదా పడింది: 2012 లండన్ వరకు మేధో వైకల్య క్రీడాకారులకు పారాలింపిక్స్‌లో చోటే లేకపోయింది. మహిళల టీ20 400 మీటర్లు 2016 రియోలో గానీ రాలేదు. దీప్తి బడిలో చదువుకుంటున్న కాలమది.

2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లలో పరుగు ముగించి ఆసియా రికార్డుతో స్వర్ణం అందుకుంది. ఇబ్బందుల్లో అమ్ముకున్న పొలాన్ని ఆ కుటుంబం తిరిగి కొనుక్కోగలిగింది ఆ పతకం తర్వాతే. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 55.07 సెకన్లతో స్వర్ణం గెలిచింది. అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట 55.12గా ఉన్న ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. ఏడు నెలల్లో సెకనున్నరకు పైగా తగ్గించుకోవడం ఆమె ఇప్పటివరకు వేసిన అతిపెద్ద ముందడుగు.

రికార్డు మూడు నెలలకు పైగా నిలిచింది. పారిస్ హీట్స్‌లో టర్కీ అమ్మాయి ఐసెల్ ఒండెర్ 54.96తో దాన్ని దాటేసింది. సెప్టెంబర్ 3 నాటి ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షులియార్ 55.16తో స్వర్ణం, ఒండెర్ 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం గెలిచారు. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, వరంగల్‌లో ఇంటి స్థలం, గ్రూప్-2 స్థాయి ఉద్యోగం ప్రకటించింది. ఆమెకు దక్కిన 2024 సంవత్సరపు అర్జున అవార్డును 2025 జనవరిలో ప్రదానం చేశారు.

2025లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దీప్తి రజతం గెలిచింది. ఈ రజతాన్ని వెనకడుగుగా చూడడం సరికాదు. ఆమె సమయం 55.16, పారిస్‌లో షులియార్‌కు స్వర్ణం తెచ్చిన సమయమూ సరిగ్గా అదే. ఢిల్లీలో ఒండెర్ 54.51లో గీత దాటింది.