తిరుమల రామచంద్రగారి కన్నడ నవలానువాదములు

అనంతపురము జిల్లా సాహిత్యమును గూర్చి వ్రాయువారు సాధారణముగా కరవుతో ప్రారంభించి కరవుతోనే ముగింతురు. 1956లో పుస్తకరూపమున వెలువడిన విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట' మొదలు నేటి కథకుల వఱకు ఒక వరుస ఏర్పడినది. ఆ వరుసలో ఇమడని రచనలు జిల్లా సాహిత్య చరిత్రలో చేరకయే పోవుచున్నవి. అనువాదములకు పట్టిన గతి ఇదియే. ధర్మవరము తాలూకా పల్లెలో జన్మించిన తిరుమల రామచంద్రగారిని (1913–1997) 'మన లిపి – పుట్టుపూర్వోత్తరాలు', 'నుడి – నానుడి' గ్రంథముల కర్తగా, పత్రికా రచయితగా, 'హంపీ నుంచి హరప్పా దాకా' అను ఆత్మకథ వ్రాసినవారుగా అందఱు నెఱుగుదురు. ఆయన తెలిగించిన రెండు కన్నడ నవలలు, కె. వి. అయ్యరుగారి 'శాంతల', శివరామ కారంతుగారి 'మరళి మణ్ణిగె', తగినంతగా చర్చకు వచ్చినట్లు మాకు కనబడలేదు. ఈ రెంటిని జిల్లా సాహిత్యములో భాగముగా లెక్కింపవలెనన్నది మా వాదము.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ రాగలదు. నవలలను ఎన్నుకొన్నది అనువాదకుడు కాదు గదా, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టువారు ఒక భాషలోని నవలలను మఱియొక భాషకు అందించుటకై వేసిన పుస్తకమాలలో భాగములు గదా, వీనికిని అనంతపురమునకును సంబంధమేమి అని. ఆక్షేపణ సరియైనదే. అట్టి మాలలలో పుస్తకముల యెన్నిక సంస్థది; అనువాదకునకు మిగులునది మాటల యెన్నిక. కాని మా దృష్టిలో రెండవ యెన్నికయే ఇచ్చట ప్రధానము. అది ఏ నేలనుండి వచ్చినదో చూడవలసియున్నది.

రామచంద్రగారి బాల్యము కొంత హంపీ పరిసరములలో గడచినది. అది కన్నడము, తెలుగు ఒకే యింటిలో ఒకే పూట వినవచ్చు ప్రాంతము. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండియే విడివడినది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరగా రాయదుర్గము ఇటు వచ్చినది. పాలకులు గీచిన గీతలు ఇట్లు మాఱుచున్నను, సంతలోని బేరము రెండు భాషలలోను సాగుచునే యున్నది. ఇట్టిచోట పెరిగినవానికి కన్నడము పరభాష కాదు. అనువాదకునకు ఇది వరమును, ఉచ్చును గూడ. తెలియని భాషయైనచో ప్రతి మాటకు నిఘంటువు తెఱచును. తెలిసిన భాషయైనచో తెలియకయే మోసపోవును. కన్నడమున 'గద్దె' యనగా వరి పండు మడి, తెలుగున సింహాసనము. పోలికయే ప్రమాదమైన మాటలు ఇట్టివి ఎన్నో కలవు.

'శాంతల'ను గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. బెంగుళూరులో వ్యాయామశాల నడపి దేహదారుఢ్యమునకు పేరుపడిన అయ్యరుగారు, ఇనుప గుండ్లెత్తిన చేతితోనే ఒక నాట్యరాణి చరిత్రను నవలగా వ్రాయుట ముచ్చటైన విషయము. హొయ్సల విష్ణువర్ధనుని పట్టమహిషి శాంతల 1123లో శ్రావణబెళగొళలో సవతిగంధవారణ బసదిని కట్టించెను. 1131లో శివగంగయందు మరణించెను. ఈ బసది పేరునకు అనువాదమే అక్కఱలేదు. సవతి తెలుగువారికిని సవతియే. రాజాస్థాన కథకు వలసిన సంస్కృత పదజాలము రెండు భాషలకు ఉమ్మడి సొత్తు గావున, సంస్కృత పండితుడగు అనువాదకునకు ఇది కష్టమైన పని గాదు. ఒక్క విషయము మాత్రము గమనింపదగినది. విష్ణువర్ధనుని బిరుదులలో 'నొళంబవాడిగొండ' యనునది యొకటి. ఆ నొళంబుల రాజధానియగు హెంజేరు నేటి మడకశిర ప్రాంతపు హేమావతి. 2022 విభజనలో మడకశిర, ధర్మవరములు రెండును శ్రీ సత్యసాయి జిల్లాకు పోయినను, ఆ గడ్డ అనంతపురపు పీఠభూమిలోనిదే. కావున ఈ కన్నడ చారిత్రక నవల మనకు బొత్తిగా పొరుగువారి కథ గాదు.

'మరళి మణ్ణిగె' విషయము వేఱు. 1940 తరువాతి తొలి యేండ్లలో వెలువడిన ఈ నవల దక్షిణ కన్నడ తీరమున, సముద్రమునకు ఆనుకొనియున్న కోడి గ్రామములో మూడు తరముల కథ. తాత రామ ఐతాళుడు పురోహితుడు. కొడుకు లచ్చడు చదువుకొని చెడి ఆస్తిని పాడుచేసినవాడు. మనుమడు రాముడు మదరాసులో చదివి, స్వాతంత్ర్యోద్యమమున దిగి, ఉద్యోగమునకై తిరిగి వేసరి తుదకు పల్లెకు వచ్చినవాడు. దక్షిణ కన్నడము అప్పుడు మదరాసు రాష్ట్రములోనిదే; అనంతపురపు విద్యార్థి చదువుకై ఎక్కిన మదరాసు రైలువంటిదే రాముడు ఎక్కినదియు. అయినను ఇంటి బరువు మోయునది మగవారు కారు. పార్వతి, సరస్వతి, సత్యభామ, కోడలు నాగవేణి, వీరి చాకిరియే నవలకు వెన్నెముక.

ఈ కథ వానతో తడిసినది. ఆ తీరమున ఏటికి మూడు వేల అయిదువందల మిల్లీమీటర్లకు పైగా కురియును. అనంతపురమున అయిదువందల యేబదికి అటునిటు. విచిత్రమేమనగా రెండు చోట్లకును వచ్చునది ఒకే నైరృతి గాలి. అది తీరమునను, పడమటి కనుమలమీదను బరువు దింపుకొని, ఇటు వచ్చునప్పటికి రిక్తహస్తమై యుండును. రెండు ప్రాంతముల రైతులును కార్తెల పేళ్ళతోనే వానలను లెక్కింతురు. మృగశిర యనగానే కోడి రైతునకు కుంభవృష్టి; మన రైతునకు దుమ్మెత్తిపోయు గాలి, పదునుకై ఆకాశమువంక చూపు. అక్కడ పైరు చెడుట నీరెక్కువై, ఉప్పునీరు పొలములోనికి వచ్చి. ఇక్కడ నీరే లేక. పేరు మాఱలేదు, దాని వెనుక నున్న అనుభవము మాఱినది. ఏ అనువాదకుడును పాదసూచిక వ్రాసి దీనిని తీర్చలేడు.

ఇక పేరు. రామచంద్రగారు దీనికి 'మరల సేద్యానికి' అని పేరుపెట్టిరి. మూలమున ఉన్నది మణ్ణు, అనగా మన్ను. మాటకు మాట వేసినచో 'మరల మన్నుకు' కావలెను. అట్లు పెట్టియున్నచో మన సీమలో పాఠకుడు ఏమనుకొనును? మన్నుచేయుట యనగా శవమును పూడ్చుట. మన్నగుట యనగా నాశమగుట. ఊరికి తిరిగివచ్చిన యువకుని కథ శ్మశానపు కథవలె వినబడును. కాని న్యాయముగా చెప్పవలెనన్నచో కన్నడమునందును 'మణ్ణు మాడు' అనగా పూడ్చుటయే. కారంతుగారి పేరులో ఆ నీడ ఉన్నది. మూడు తరములవారు ఒకరి వెనుక ఒకరు ఆ మన్నులోనికే పోవుదురు గదా. తెలుగు పేరులో ఆ నీడ పోయినది. ఇది నష్టమే యని మేము ఒప్పుకొందుము.

లాభమెక్కడ? 'సేద్యము' అను మాటలో. కోస్తావారు వ్యవసాయమనుచోట సీమ రైతు సేద్యమనును, వాడు సేద్యగాడు. మన్ను ఊరక పడియుండును; సేద్యము చేయవలెను. ఏడు విడిచి ఏడు వాన తప్పు నేలలో పుట్టినవానికి తిరిగి వచ్చుట యనగా నేలను చేరుట మాత్రమే కాదు, పండునో పండదో తెలియని పనిని మరల తలకెత్తుకొనుట. రాముడు చేసినదియు అదియే. పైగా 'సేద్యమునకు' అని గాక 'సేద్యానికి' అని వాడుక రూపము పెట్టుట చూడుడు. మావంటి గ్రాంథిక ప్రియులకు రుచింపకున్నను అచ్చట అదియే తగియున్నది. సంస్థ యెన్నుకొన్న నవలకు సీమ పెట్టిన పేరిది యని మా నమ్మిక.

నవలలో శీనమయ్య కుటుంబమువారు పల్లె విడిచి బెంగుళూరులో హోటలు నడపుదురు. కదిరి, హిందూపురము, ధర్మవరముల నుండి నేడును కూలికై జనము పోవుచున్నది ఆ నగరమునకే. ఈ దృష్టితో చదివినచో కోడి గ్రామము మనకు దూరమనిపింపదు.

పరిశోధక విద్యార్థులు ఎవరైన దీనిని చేపట్టుదురేని, సిద్ధాంతములను పిదప చూచుకొని, మొదట కన్నడ తెలుగు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని, సేద్యపు మాటల పట్టిక యొకటి వ్రాసికొనుట మంచిది. నాగలి, నాటు, నూర్పిడి, వాన పేళ్ళు, నీటి పారుదల మాటలు, ఒక్కొక్కటి సీమ పలుకుబడికి వచ్చినదా, కోస్తా పలుకుబడికి పోయినదా యని గుర్తింపవలెను. 'గద్దె' తో ప్రారంభింపవచ్చును.