తల్లి నుంచి బిడ్డకు సోకే వైరస్‌ల నిర్ధారణ: ఉత్తరాంధ్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో ఈ నిర్ధారణ చరిత్ర చాలావరకు హెచ్‌ఐవీ పరీక్షల చరిత్రే. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకుతుందన్న సంగతి మాత్రం అంతకంటే పాతది: గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్లలో శుక్లాలు రావచ్చని ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లోనే గుర్తించాడు. అయితే పసిబిడ్డ రక్తాన్ని పరీక్షించడంలో ఒక చిక్కుంది: తల్లి ఐజీజీ ప్రతిరక్షకాలు మాయను దాటి బిడ్డలోకి వస్తాయి. ఐజీఎం రకం దాటవు, అవి కనిపిస్తే బిడ్డవే. అందుకే రుబెల్లా పరీక్ష బిడ్డలోని ఐజీఎంను వెతుకుతుంది.

హెచ్‌ఐవీకి ఆ ఉపాయం కుదరలేదు. బిడ్డ రక్తంలో తల్లి ప్రతిరక్షకాలు 18 నెలల దాకా ఉండిపోవచ్చు. వైరస్ సోకని బిడ్డ కూడా అప్పటిదాకా ‘పాజిటివ్‌’ అనిపించుకోవచ్చు. అన్నాళ్లు ఆగడమా? మందు అందకపోతే హెచ్‌ఐవీ ఉన్న శిశువుల్లో దాదాపు సగం మంది రెండేళ్లు నిండకుండానే చనిపోతారు.

హెచ్‌ఐవీ తల్లి నుంచి బిడ్డకు సోకకుండా దేశంలో 2002 నుంచి విస్తరించిన నివారణ కార్యక్రమం గర్భిణులకు పరీక్ష చేసి, పాజిటివ్ వస్తే నొప్పుల వేళ తల్లికి నెవిరాపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకు చుక్కల మందు ఇచ్చేది. 2014 నుంచి అలాంటి గర్భిణులందరికీ జీవితాంతం ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచి ఉంచే మందులు) ఇవ్వడం విధానమైంది. బిడ్డ సంగతి తేల్చే పరీక్ష 2010లో మొదలైంది. ఆరు వారాల వయసులో మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను వడపోత కాగితంపై ఆరబెట్టి, పీసీఆర్‌తో వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతారు. ఆరిన కాగితానికి ఐసుపెట్టె అక్కర్లేదు. ఏజెన్సీ ఊళ్ల నుంచి కూడా కవరులో పెట్టి పంపవచ్చు.

అసలు చిక్కు ప్రయోగశాలలో కంటే ఆచారంలో ఉంది. ఇక్కడ తొలికాన్పుకి ఆడపిల్ల కన్నోరింటికెళ్తుంది. పేరు అత్తవారి ఊళ్లో నమోదై, పురుడు విజయనగరం ఘోషాసుపత్రిలోనో శ్రీకాకుళం రిమ్స్‌లోనో జరిగితే, ఆరు వారాల పరీక్ష ఏ ఏఎన్ఎం లెక్కలోకి రావాలి? దీనికి వలస కూడా తోడవుతుంది.

మిగతా వైరస్‌ల వంతు తర్వాత వచ్చింది. మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం రాష్ట్రంలో 2017లో జరిగింది. హెపటైటిస్-బి విషయంలో తల్లికి పరీక్ష, పుట్టిన 24 గంటల్లో బిడ్డకు టీకా. సైటోమెగలో వైరస్‌కు మాత్రం గర్భిణులందరికీ చేసే పరీక్ష లేదు. అనుమానం వస్తే బిడ్డ మూత్రాన్నో లాలాజలాన్నో మూడు వారాల్లోపే పరీక్షించాలి. ఆ గడువు దాటితే వైరస్ కడుపులో సోకిందో, చనుబాలతో వచ్చిందో చెప్పలేరు.