పంటికి వెల కట్టిన చరిత్ర

దెబ్బ తగిలి పన్ను ఊడితే ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల దంతవైద్యులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. జాతీయ రహదారిపై ద్విచక్రవాహనం నుండి పడినవారు, కొల్లేటి చెరువుగట్ల మీద చీకట్లో జారినవారు, తగవులో ముఖాన దెబ్బ తిన్నవారు రక్తం కారుతున్న నోటితో వస్తారు. గాయం కొద్ది రోజులలో మానుతుంది. పంటికి అయ్యే ఖర్చు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ ఖర్చు విషయంలో మన వ్యవస్థ రెండు నాలుకలతో మాట్లాడుతుంది. శిక్షాస్మృతి పంటిని ఎముకతో సమానంగా గౌరవించింది. ఆరోగ్య బీమా మాత్రం పంటిని చాలాకాలం శరీరానికి వెలుపలి వస్తువుగా చూసింది. ఈ వైరుధ్యం ఎలా ఏర్పడిందో తెలిస్తే, మనకు న్యాయంగా రావలసినది ఎలా పొందాలో కూడా తెలుస్తుంది.

పంటికి వెల కట్టడం అతి ప్రాచీనమైన ఆచారం. సుమారు 3,700 ఏళ్ల నాటి బాబిలోను రాజు హమ్మురాబి శాసనం సమాన హోదా గలవాని పన్ను రాలగొడితే కొట్టినవాని పన్ను రాలగొట్టమన్నది. తక్కువ హోదా గలవాని పన్నయితే మీనాలో మూడోవంతు వెండి చెల్లిస్తే చాలునన్నది. మన కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రతీకారం జోలికి పోలేదు. చేయి, కాలు, పన్ను విరగగొట్టినవానికి ప్రథమ సాహస దండం, అంటే 48 నుండి 96 పణాల జరిమానా విధించింది. యాజ్ఞవల్క్య స్మృతి అదే నేరానికి మధ్యమ సాహస దండం చెప్పి, మరొక గొప్ప సూత్రాన్ని కూడా చేర్చింది. గాయపరచినవాడు రాజుకు జరిమానా కట్టడంతో సరిపోదు; గాయపడినవాడు తిరిగి కోలుకోవడానికి అయ్యే వ్యయాన్ని కూడా ఇచ్చుకోవాలి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. నేటి నష్టపరిహార చట్టాల వెనుకనున్న ఆలోచన మన నేలకు పరాయిది కాదు.

ఆధునిక చట్టం 1860లో వచ్చింది. భారత శిక్షాస్మృతి 320వ సెక్షను ‘తీవ్రమైన గాయం’ అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా వివరించింది. అందులో ఏడవది ఎముక లేదా పన్ను విరగడం, స్థానభ్రంశం చెందడం. సాధారణ గాయానికి గరిష్ఠ శిక్ష ఏడాది. తీవ్రమైన గాయానికి ఏడేళ్లు. ఒక్క పన్ను ఊడటంతోనే కేసు స్వరూపం మారిపోతుంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా 116వ సెక్షనులో ఈ నిర్వచనాన్ని అలాగే నిలుపుకున్నది. కనుకనే గాయాల ధ్రువపత్రంలో వైద్యుడు రాసే ప్రతి మాటకూ బరువుంటుంది. చిగుళ్ల వ్యాధితో ముందే కదులుతున్న పన్నా, గట్టిగా ఉన్న పన్నా? పంటి గుంటలో తాజా రక్తపు గడ్డ ఉందా? పక్క పళ్ల స్థితి ఏమిటి? పెదవి లోపల చిట్లిందా? ఈ వివరాలు లేని ధ్రువపత్రం న్యాయస్థానంలో నిలవదు.

అయితే ఈ వివరాలు రాయగల శిక్షితులు మన దేశంలో చాలాకాలం అరుదు. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య విద్య 1959లో మొదలైంది. గోదావరి, కొల్లేటి సీమలో ఏలూరు సమీపాన దుగ్గిరాలలోను, భీమవరంలోను కళాశాలలు ఏర్పడిన తరువాతనే దంతవైద్యం పల్లెలకు చేరువైంది.

ఈలోగా గాయాల తీరు మారింది. కృష్ణా, గోదావరి కాలువలు ఏలూరులో కలుస్తాయి. ఒకప్పుడు సరుకు రవాణా వాటి మీది పడవలలోనే జరిగేది. తరువాత లారీలు, మోటారు సైకిళ్లు వచ్చాయి. కొల్లేటిలో చేపల చెరువులు విస్తరించాక రాత్రింబగళ్లు లారీల రాకపోకలు పెరిగాయి. పళ్లు, దవడలు విరిగే ప్రమాదం ఇంటి ముంగిటికి వచ్చింది.

మోటారు వాహనాల చట్టం 1939లో మూడో పక్షపు బీమాను నిర్బంధం చేసింది. 1956 సవరణతో ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లకు దారి ఏర్పడింది. 1988 చట్టానికి 1994లో చేర్చిన రెండవ షెడ్యూలు తీవ్రమైన గాయపు బాధకు 5,000 రూపాయలు, సాధారణ గాయానికి 1,000 రూపాయలు, వైద్య ఖర్చుకు గరిష్ఠంగా 15,000 రూపాయలు నిర్ణయించింది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణల ప్రకారం, గుర్తు తెలియని వాహనం ఢీకొని వెళ్లిపోతే తీవ్రమైన గాయానికి 50,000 రూపాయలు లభిస్తాయి. ఇక్కడ ‘తీవ్రమైన గాయం’ అంటే శిక్షాస్మృతి చెప్పిన అర్థమే. అంటే పన్ను ఊడినవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక దరఖాస్తు చేయనివారు ఎందరో! ట్రిబ్యునల్ దరఖాస్తుకు ఆ సవరణ ఆరు నెలల గడువు కూడా విధించింది.

ఆరోగ్య బీమా చరిత్ర వేరు. 1986లో ప్రభుత్వ రంగ సంస్థలు మెడిక్లెయిమ్ ప్రవేశపెట్టినప్పుడు దాని ఆధారం ఆసుపత్రిలో చేరడం. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం లేని దంతచికిత్సను మినహాయింపుల జాబితాలో పెట్టారు. పంటి వైద్యం చాలావరకు కుర్చీలో కూర్చోబెట్టి చేసేది. అందువల్ల ప్రమాదంలో విరిగిన పన్ను కూడా ఆ మినహాయింపులో కొట్టుకుపోయింది. 2020లో వచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ ప్రామాణిక పాలసీ, వ్యాధి వల్లగాని గాయం వల్లగాని అవసరమైన దంతచికిత్సను ఆసుపత్రిలో చేరిన సందర్భంలో చేర్చుకున్నది. తలుపు కొద్దిగా తెరుచుకున్నది గాని, కుర్చీలో జరిగే చికిత్స ఇంకా బయటే ఉన్నది. మీ పాలసీలో మినహాయింపుల పుటను చదువుకోవడం తప్పనిసరి. క్లెయిమును అన్యాయంగా నిరాకరిస్తే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

పరిహారం దక్కడమూ దక్కకపోవడమూ ఎక్కువగా తొలి రోజు కాగితాల మీదనే ఆధారపడతాయి. దంతవైద్యుడు ఏ పన్ను, ఏ భాగం, ఎంత విరిగిందో రాయాలి. ఎక్స్‌రే, ఛాయాచిత్రం భద్రపరచాలి. పాత పూతలు, పాత తొడుగులు ఉంటే దాచకుండా నమోదు చేయాలి. భవిష్యత్తులో అవసరమయ్యే చికిత్సనూ అంచనా వ్యయాన్నీ విడిగా తెలపాలి. పన్నెండేళ్ల పిల్లవాడికి ముందు పన్ను పోతే, దవడ ఎదుగుదల ముగిసేవరకు ఇంప్లాంట్ అమర్చరు. ఆ ఖర్చు ఏళ్ల తరువాత వస్తుంది; పరిహారం మాత్రం ఇప్పుడే అడగాలి. రోగి పోలీసు ఫిర్యాదు నకలు, సంఖ్య గల బిల్లులు దాచుకోవాలి. చికిత్స చేసిన వైద్యులు సాక్ష్యానికి వెనుకాడుతున్న సంగతిని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసు తీర్పులో గుర్తించి, వారిని గంటల తరబడి నిరీక్షింపజేయవద్దని ట్రిబ్యునళ్లకు సూచించింది. సాక్ష్యం చెప్పడం కూడా చికిత్సలో భాగమేనని నా వైద్య మిత్రులు గ్రహించాలి.

అన్ని చట్టాలకన్నా ముందు పన్నునే కాపాడుకోవచ్చు. ఊడిన శాశ్వత దంతాన్ని వేరు తాకకుండా, పైభాగం పట్టుకుని తీయండి. మురికి ఉంటే చన్నీటిలో కొద్ది సెకన్లు మాత్రమే కడగండి, రుద్దవద్దు. వీలైతే దాని గుంటలోనే తిరిగి పెట్టి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోమనండి. కుదరకపోతే చల్లని పాలలో వేసి, గంట లోపు, అంతకన్నా ముందైతే మరీ మంచిది, దంతవైద్యుని చేరండి. నీటిలో నిల్వ ఉంచవద్దు. పాలపళ్లను మాత్రం తిరిగి పెట్టకూడదు. కింద మొలవబోయే పంటికి హాని కలుగుతుంది. పాలగిన్నె లేని ఇల్లు మన కోస్తా పల్లెల్లో ఉండదు. ఆ గిన్నె సమయానికి గుర్తుకు వస్తే చాలు, దావా వేయవలసిన అవసరమే చాలామందికి తప్పిపోతుంది.